రెండు రూపాయల డాక్టరు, 1897 నాటి కానూను

హైదరాబాదు నల్లకుంటలో ఉన్న ఫీవర్ హాస్పిటల్‌ని మన పెద్దవాళ్ళు ఇప్పటికీ కోరంటి దవాఖానా అనే అంటారు. క్వారంటీన్ అనే దొరల మాట మన నోట్లో నలిగి నలిగి కోరంటి అయింది. ఉర్దూ మీడియం బడిలో వబా అంటే ఏమిటో చెప్పడానికి మా ఉస్తాద్ ఈ పేరునే మిసాల్‌గా వాడుకున్నారు. వబా అంటే అంటురోగం ఊరంతా కమ్ముకోవడం.

వబాల తారీఖ్ రాసేవాళ్ళు ఇలాంటి పెద్ద దవాఖానాల దగ్గరే ఆగిపోతారు. ఎప్పుడు కట్టారు, ఎన్ని పడకలు, ఎంతమంది మరీజులు. కానీ కోరంటికి పోయే ముందు మరీజు పోయే చోటు ఇంకొకటి ఉంది కదా. మొహల్లా మూల మీద ఒకటే గది, గోడకు ఆనించిన బెంచీ, తలుపుకు పరదా, లోపల డాక్టర్ సాబ్. మన అమ్మీకి బీపీ చూసిందీ ఆయనే, మన పిల్లల దగ్గు విన్నదీ ఆయనే. వబా వచ్చినప్పుడు ఆయన ఏమయ్యాడన్నది ఏ కితాబులోనూ సరిగ్గా దొరకదు.

చిత్రమేమిటంటే, ఈ దేశంలో వబాల కానూను పుట్టుక వెనక ఉన్నది అలాంటి ఒక డాక్టరే. 1896 సెప్టెంబరు. బొంబాయి రేవు పక్కన మాండ్వీ అనే ఇరుకు బస్తీ. అక్కడ ప్రైవేటు ప్రాక్టీసు చేసుకుంటున్న గోవా మనిషి డాక్టర్ అకేసియో గాబ్రియెల్ వియేగస్. మరీజును చూశాడు. ఒళ్ళు కాలిపోయే బుఖార్, గడ్డలు. ఇది తాఊన్, ప్లేగు అని పైకి చెప్పేశాడు. రేవు మీద బతికే షహర్‌లో ఆ మాట ఎవరు వినాలనుకుంటారు? నమ్మని వాళ్ళు చాలామందే. పరీక్షల మీద పరీక్షలు చేయించి, చివరికి ఆయన చెప్పిందే నిజమన్నారు. ముంబైలో మెట్రో సినిమా దగ్గర ఆయన విగ్రహం ఇప్పటికీ ఉంది. దాని పక్క నుంచి పోయేవాళ్ళలో ఎంతమందికి ఆ పేరు తెలుసో!

ఆ ప్లేగు భయంతోనే 1897 ఫిబ్రవరిలో ఎపిడెమిక్ డిసీజెస్ యాక్ట్ వచ్చింది. పట్టుమని నాలుగు సెక్షన్లు. వబా వస్తే సర్కారు ఏ హుకుం అయినా జారీ చేయవచ్చు. కాదన్నవాడికి శిక్ష. ఆ హుకుం అమలు చేస్తూ మంచి ఉద్దేశంతో ఏం చేసినా ఎవరి మీదా దావా వేయడానికి లేదు. అంతే. ఆ అధికారంతో పూణేలో సిపాయిలు ఇళ్ళలోకి, జనానాల్లోకి చొరబడ్డారు. ఆ కోపంలోనే ప్లేగు కమిషనర్ రాండ్‌ని చాపేకర్ సోదరులు కాల్చారు. ఇదంతా బడి పుస్తకాల్లో ఉన్నదే. నేను చూసేది కానూనులో లేని సంగతి. మరీజును ముట్టుకున్న డాక్టరు మంచాన పడితే ఎవరు చూడాలి, పోతే బీబీ పిల్లల గతేమిటి? ఒక్క ముక్క లేదు. హాకిమ్‌కి హిఫాజత్ ఉంది, హకీమ్‌కి లేదు. ఉర్దూలో ఈ రెండు మాటలకూ మధ్య తేడా ఒక్క దీర్ఘమే. కానూనులో మాత్రం ఆ దూరం చాలా ఎక్కువ.

1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చి ఈ దేశంలో కోటి మందికి పైగా పోయారు. కానూను అదే. 2020లో కరోనా వచ్చింది. కానూను మళ్ళీ అదే! డాక్టర్ల మీద చెయ్యి చేసుకుంటే జైలు అనే మాట అందులో చేరడానికి 123 ఏళ్ళు పట్టింది. 2020 ఏప్రిల్ 22న ఆర్డినెన్సు తెచ్చారు.

ఆ ఏప్రిల్‌లోనే, 14న, కర్నూలు డాక్టర్ కె.ఎం. ఇస్మాయిల్ హుస్సేన్ ఇంతెఖాల్ చేశారు. ఆయన వయసు 76. కర్నూలు మెడికల్ కాలేజీలో పనిచేసిన పెద్ద డాక్టరు. ఊరికి మాత్రం 'రెండు రూపాయల డాక్టర్'. కర్నూలు మొహల్లాల నుంచే కాదు, గద్వాల నుంచి, రాయచూరు నుంచి కూడా గరీబులు ఆయన దగ్గరికి వచ్చేవారు. ఫీజు ఇంత అని అడిగే మనిషి కాదు, ఇచ్చింది తీసుకునేవారు. ఆ వయసులో, అంత జబ్బు తిరుగుతున్న ఊళ్ళో, ఇంట్లో కూర్చుంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు ఇంకెవరి దగ్గరికి పోతారు? లాక్‌డౌన్ వల్ల, మామూలు రోజుల్లో అయితే ఊరంతా కదిలి రావాల్సిన జనాజాకి జనం లేరు. మన మనుషుల్ని వబా పేరుతో వేలెత్తి చూపిస్తున్న రోజులు కూడా అవే. అది మరచిపోలేం.

మే 3న హెలికాప్టర్లు దవాఖానాల మీద పూలు చల్లాయి. హైదరాబాదులో గాంధీ ఆస్పత్రి మీదా పడ్డాయి. తప్పని అనను. కానీ గల్లీలో ఒంటిగది క్లినిక్కు హెలికాప్టరుకు ఎలా కనిపిస్తుంది?

మా మొహల్లా డాక్టర్ సాబ్‌తో ఆ రోజుల్లో ఒక ఖబర్ కోసం ఫోన్‌లో మాట్లాడాను. మిద్దె మీద గదిలో ఒంటరిగా పడుకునేవారు. ఆపా ప్లేటు మెట్ల మీద పెట్టి కిందికి దిగేది. క్లినిక్కు మూస్తే ఆ రోజు ఆమ్‌దనీ లేదు. తెరిస్తే ఒక్కటే మాస్కు, దాన్నే ఎండలో ఆరబెట్టి మళ్ళీ కట్టుకోవడం. పెద్ద దవాఖానాలో ఒక డాక్టరు పడిపోతే ఇంకొకరు డ్యూటీకి వస్తారు. ఇక్కడ ఆయన బదులు కూర్చునేవాళ్ళే లేరు. ఆయన్ని నిద్రపోనివ్వనిది మౌత్ భయం కాదట. పొద్దున మొదటి మరీజు దగ్గర తనకు అంటుకుని ఉంటే, సాయంత్రం దాకా చూసిన నలభై మందికి తనే పంచాడేమో అన్న వస్‌వసా. నబ్జ్ పట్టుకోవడానికి చెయ్యి చాపాలంటే వణుకు వచ్చిందన్నారు. ముప్పై ఏళ్ళుగా ఎంతోమందికి షిఫా దొరికిన చెయ్యి అది.

ఇలాంటి వాళ్ళు ఎంతమంది పోయారు? 2020 ఆగస్టులో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ 196 మంది డాక్టర్లు పోయారని లెక్క చెప్పింది. వాళ్ళలో 170 మంది యాభై దాటినవాళ్ళు. సెప్టెంబరుకు 382 పేర్లతో జాబితా వేసింది. 2021 ఫిబ్రవరిలో రాజ్యసభలో సర్కారు చెప్పిన సంఖ్య 162. అసోసియేషన్ కాదంది, 734 అంది. ఆ 734లో 431 మంది జనరల్ ప్రాక్టీషనర్లు, అంటే మన గల్లీ డాక్టర్లు. పదిమందిలో దాదాపు ఆరుగురు. ఇది రెండో లహర్ రాకముందు మాట.

లెక్క దగ్గరే ఇంత ఝగడా అయితే పైసల సంగతి చెప్పాలా? 2020 మార్చిలో సర్కారు 50 లక్షల బీమా పథకం తెచ్చింది. ప్రైవేటు డాక్టర్లకు ఒక షరతు పెట్టింది: సర్కారు పిలిచి కోవిడ్ పనిలో పెట్టుకుని ఉండాలి. నవీ ముంబైలో ఒక ఆయుర్వేద డాక్టరుకు మున్సిపాలిటీ నుంచి నోటీసు వచ్చింది. క్లినిక్కు తెరిచే ఉంచాలి, మూస్తే కేసు అని. ఆయన తెరిచే ఉంచాడు. 2020 జూన్‌లో కోవిడ్‌తో పోయాడు. ఆయన బీబీ దర్ఖాస్తు పెట్టుకుంటే వచ్చిన జవాబు: మీవారిది కోవిడ్ దవాఖానా కాదు, ఆయన్ని మేం పనికి పిలవలేదు. మూస్తే కేసు పెడతామనేది పిలవడం కాదట! 2021 మార్చిలో బొంబాయి హైకోర్టూ అదే మాట అంది.

ఆమె అక్కడితో ఆగలేదు. 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు వేరే తీర్పు ఇచ్చింది. 1897 కానూను కింద జారీ అయిన హుకుంలు, ఆ నోటీసులు, పథకం కాగితాలు అన్నీ కలిపి చదివితే డాక్టర్లను సర్కారు పనికి పిలిచినట్టేనని తేల్చింది. వియేగస్ ప్లేగును పట్టుకున్నాక పుట్టిన ఆ నాలుగు సెక్షన్ల కానూను, ఇన్నేళ్ళకు, పోయిన డాక్టర్ల ఖాందాన్‌లకు ఇలా పనికొచ్చింది.

అయితే తీర్పులో ఇంకో మాట ఉంది. ఆ డాక్టరు కోవిడ్ పని చేస్తూనే పోయాడని సుబూత్ తెచ్చుకోవాల్సింది దర్ఖాస్తు పెట్టుకున్నవాళ్ళే.

అది చదివాక మా డాక్టర్ సాబ్ దగ్గరికి వెళ్ళి, 2020లో రాసిన పుస్తకం ఉంటే చూపించమన్నాను. అల్లా దయ, ఆయన బాగానే ఉన్నారు. బల్ల సొరుగులోంచి పొడుగాటి నోట్‌బుక్కు తీశారు. జూలై పేజీలు తిప్పాను. 'చాంద్ అమ్మీ, బుఖార్, 3 రోజులు.' 'మస్జిద్ వెనక అబ్బాయి, దగ్గు.' 'పూలబ్బి, వాసన లేదు, 20 రూ.' ఇంటి పేర్లు లేవు, టెస్టు రిపోర్టులు లేవు, ఏ హుకుం నంబరూ లేదు. కొన్ని పేజీల్లో శానిటైజర్ చుక్కలు పడి ఇంకు అలుక్కుపోయింది.