విడిభాగ పరీక్ష: ఒక అలవాటు చరిత్ర

1949 మే 6వ తేదీన ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఎడ్సాక్ అను కంప్యూటరు తన మొదటి ప్రోగ్రామును నడిపెను. దాని నిర్మాణమునకు నాయకుడు మారిస్ విల్క్స్. తాను వ్రాయు ప్రోగ్రాములలోని తప్పులు వెదకుటకే తన శేషజీవితములో పెద్దభాగము ఖర్చు కాగలదని ఆ వేసవిలోనే తనకు తట్టినదని ఆయన స్వీయచరిత్రలో చెప్పుకొనెను.

తప్పు ఎందుండునో వెదకుట ఏల కష్టము? పెద్ద లెక్కలో తుది జవాబు తప్పినచో ఏ మెట్టున తప్పినదో తెలియదు. ప్రతి మెట్టును విడిగా సరిచూచినచో తెలియును. ప్రోగ్రామునకును ఇదే ఉపాయము. దీనినే యూనిట్ టెస్టింగు, అనగా విడిభాగ పరీక్ష అందురు.

మార్కుల సగటు కట్టు ఒక చిన్న భాగమును తీసికొందము. దానికి 40, 50, 60 ఇచ్చినచో 50 రావలెను. విద్యార్థులే లేని తరగతి నిచ్చినచో? సున్నతో భాగింపరాదు గనుక అప్పుడేమి చేయవలెనో ముందే నిర్ణయింపవలెను. ఈ ప్రశ్నలను, వాని జవాబులను మరియొక చిన్న ప్రోగ్రాముగా వ్రాసియుంచినచో, మార్పు చేసిన ప్రతిసారియు యంత్రమే క్షణములో సరిచూచి చెప్పును.

ఇందులకు వలసిన పనిముట్టును 1994లో అమెరికా దేశీయుడగు కెంట్ బెక్ స్మాల్‌టాక్ భాషకొరకు వర్ణించెను. 1997లో ఆయనయు, ఎరిక్ గామాయు జ్యూరిచ్ నుండి అమెరికాకు విమానములో పోవుచు జావా భాషకొరకు జేయూనిట్ అను పనిముట్టును వ్రాసిరి.

పనిముట్టు వచ్చెను గాని అలవాటు రాలేదు. గడువు దగ్గరపడినప్పుడు పరీక్షలు వ్రాయుట కాలహరణమని తోచును. పాత ప్రోగ్రాములలో భాగములు ఒకదానితో నొకటి పెనవేసికొని యుండుటచే విడదీయుట దుస్సాధ్యము. సరిగా వ్రాయని పరీక్షలు ఒకసారి నెగ్గి, మరొకసారి ఓడి విశ్వాసమును పోగొట్టును.

2005 నాటికి గూగుల్ సంస్థకు ఈ చిక్కు ఎదురయ్యెను. శోధన ప్రశ్నలకు జవాబులు పంపు దాని ప్రధాన సర్వరు ప్రోగ్రాము పెరిగిపోయి, ఒక దశలో నూటికి 80కి పైగా విడుదలలను తప్పులవలన వెనుకకు తీసికొనవలసి వచ్చెను. అప్పుడు ఆ బృందనాయకుడు, పరీక్షలు లేనిదే ఏ కొత్త మార్పును చేర్చరాదని నియమము పెట్టెను. ఏడాదిలోపల అత్యవసర సవరణలు సగమునకు తగ్గెను.

తక్కిన బృందములను మార్చుటకు ఆజ్ఞలు చాలవని కొందరు ఇంజనీర్లు గ్రహించిరి. కొత్తగా చేరినవారికి మొదటనే పరీక్షలను గూర్చి ఒక గంట పాఠము చెప్పిరి. అది అందరి వాడుకయే యనుకొని, వారు తమ బృందములలో పరీక్షలు వ్రాయసాగిరి, వ్రాయనివారిని ప్రశ్నింపసాగిరి. 2006 ఏప్రిల్‌లో పరీక్షలపై ఒక పుట వ్యాసమును మరుగుదొడ్ల గోడలకు అంటించిరి. కొందరు కోపగించిరి, అయినను అందరును చదివి చర్చించిరి.

పరీక్షలు సర్వరోగ నివారిణులు కావు. అవి తప్పులున్నవని చూపగలవే గాని లేవని నిరూపింపలేవని డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1969లోనే హెచ్చరించెను. అయినను, చేసిన లెక్కను సరిచూచుకొనుట బడిలో పట్టువడిన విద్యార్థికి ఈ అలవాటు కొత్తగా తోచదు.