మేయరు పదవి: లండను నుంచి చెన్నపట్నం దాకా

మన ఉగాది, దీపావళి సభలకు స్థానిక మేయరును ముఖ్య అతిథిగా పిలవడం ఈ దేశంలోని తెలుగు సంఘాలకు అలవాటైన పని. మేయరుగారు మెడలో బరువైన గొలుసుతో వస్తారు, జ్యోతి వెలిగిస్తారు, నాలుగు మంచి మాటలు చెప్పి, పులిహోర రుచి చూసి వెళతారు. పిల్లలు ఆ గొలుసు వంక ఆశ్చర్యంగా చూస్తారు. పెద్దవాళ్ళలో చాలామందికి మాత్రం ఒక సందేహం మిగిలిపోతుంది. ఈ పదవికి నిజంగా అధికారం ఏమైనా ఉన్నదా, లేక ఉత్త అలంకారమేనా? దీనికి జవాబు చరిత్రలో వెతకాలి. వెతుకుతూ పోతే అందులో మన తెలుగువారి పేర్లు కూడా తగులుతాయి.

మేయరు అనే మాట లాటిను నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. 'పెద్ద' అని దాని అర్థం. మన పల్లెల్లో 'ఊరిపెద్ద' అన్నట్లే. లండనుకు మొదటి మేయరు హెన్రీ ఫిట్జ్ ఐల్విన్. 1189 ప్రాంతంలో ఆ పదవిలోకి వచ్చి, 1212లో చనిపోయేవరకు ఆయనే మేయరు. ఆ తరువాత 1215 మే 9న జాన్ రాజు, ఏటేటా తమ మేయరును తామే ఎన్నుకునే హక్కును లండను పౌరులకు రాసి ఇచ్చాడు. రాజుగారిది ఔదార్యం కాదు. అప్పటికే సామంతులతో తగవు ముదిరింది, నగరం తన పక్షాన నిలవాలని ఆయన ఆశ. ఆ ఆశ తీరలేదు. వారం దాటగానే లండను సామంతులకు తలుపులు తెరిచింది. జూన్‌లో మాగ్నా కార్టా వెలువడింది. రాజు దానిని పాటిస్తున్నాడా లేదా అని చూడడానికి నియమించిన 25 మందిలో లండను మేయరు ఒకడు.

ఈ పదవి వెనుక ఒక బేరం ఉంది. పట్టణం పన్ను కడుతుంది. బదులుగా తన వ్యవహారాలు తానే చూసుకునే హక్కు అడుగుతుంది. ఆ పట్టణం తరఫున మాట్లాడే మనిషి మేయరు. గొలుసులూ అంగీలూ దీనికి చేరిన హంగులే.

ఇదే పదవి సముద్రాలు దాటి మన తీరానికి కూడా వచ్చింది. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి నుంచి ఈస్టిండియా కంపెనీ కోటకు స్థలం సంపాదించిందని మనం చదువుకున్నాం. నాలుగైదు దశాబ్దాలు తిరిగేసరికి అక్కడ పెద్ద పట్టణం వెలిసింది. కోటలో ఇంగ్లీషువారిది తెల్లపట్టణం. బయట నేతపనివారు, అద్దకంవారు, వర్తకులు, దుబాసీలు ఉండేది నల్లపట్టణం. పట్టణం పెరిగింది, దానితో కంపెనీ ఖర్చూ పెరిగింది. ఇళ్ళ మీద పన్ను వేయబోతే నల్లపట్టణంవారు ససేమిరా అన్నారు.

అప్పుడు లండనులో కంపెనీ వ్యవహారాలు నడిపే సర్ జొసయా చైల్డ్ ఒక ఉపాయం ఆలోచించాడు. కంపెనీ నేరుగా పన్ను వేస్తే జనం ఎదురు తిరుగుతారు. తమ పెద్దలు కూడా కూర్చున్న సభ వేస్తే అంతగా గొణగరు. కనుక చెన్నపట్నానికి లండను పద్ధతిలో ఒక కార్పొరేషను, ఒక మేయరు ఉండాలన్నాడు. 1687 డిసెంబరు 30వ తేదీతో అధికారపత్రం తయారైంది. 1688 సెప్టెంబరు 29న కార్పొరేషను ప్రారంభమైంది. అప్పటి గవర్నరు ఎలిహు యేల్. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి పేరు వచ్చింది ఈయన వల్లనే. తొలి మేయరు నథానియల్ హిగిన్‌సన్.

మేయరుతోపాటు పన్నెండుమంది ఆల్డర్‌మెన్ ఉన్నారు. ముగ్గురు ఇంగ్లీషువారు, ఒక ఫ్రెంచి వర్తకుడు, ఇద్దరు పోర్చుగీసువారు, ముగ్గురు యూదులు, ముగ్గురు హిందూ వర్తకులు. ఆ ముగ్గురిలో ఇద్దరి పేర్లు చిన్న వెంకటాద్రి, ముద్దు వీరన్న. ఇవి తెలుగు పేర్లని వేరే చెప్పనక్కరలేదు. అంటే ఇప్పటికి మూడు వందల ఏళ్ళకు పైగానే తెలుగువారు ఒక మేయరు పక్కన పురపాలక సభలో కూర్చున్నారన్నమాట. ఎర్రని అంగీలు, ముందు నడిచే వెండి దండాలు, తల మీద గొడుగు పట్టించుకునే మర్యాద, అన్నీ ఏర్పాటయ్యాయి. టౌనుహాలు, చెరసాల, ఇక్కడి పిల్లలకు ఇంగ్లీషూ లెక్కలూ నేర్పే బడి కట్టడానికి పన్ను వేయవచ్చని కూడా ఆ పత్రంలో రాశారు.

హంగులన్నీ ఉన్నాయి గాని ఒక్కటి లేదు. మేయరు పీఠం ఇంగ్లీషువారిదే. నల్లపట్టణంలోని సామాన్యుడికి ఓటు లేదు. బేరంలో పన్ను భాగం మాత్రమే మన తీరానికి వచ్చింది, హక్కు భాగం లండనులోనే ఉండిపోయింది. అందుకే పన్ను వసూలు చైల్డ్ ఊహించినంత సాఫీగా సాగలేదు. 1726లో రాజు కొత్త అధికారపత్రం ఇచ్చి మద్రాసు, బొంబాయి, కలకత్తా మూడింటిలోనూ మేయరు కోర్టులు పెట్టించాడు. దానితో మేయరు పని చాలావరకు దావాలు విచారించడమే అయింది. 1798లో మద్రాసులో ఆ కోర్టు కూడా పోయి, దాని స్థానంలో రికార్డరు కోర్టు వచ్చింది.

ఇంగ్లాండులో మాత్రం ఈ పదవి సవ్యంగా నడిచిందనుకోవద్దు. చాలా పట్టణాల్లో కార్పొరేషను సభ్యులు తమ తరువాతివారిని తామే ఎంచుకునేవారు. ఊరి ఆస్తి ఏమవుతున్నదో ఊరివారికి చెప్పే దిక్కు ఉండేది కాదు. 1835 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం 178 పట్టణాల్లో ఈ తీరును మార్చింది. ఇంటిపన్ను కట్టేవారు కౌన్సిలును ఎన్నుకోవాలి, కౌన్సిలు మేయరును ఎన్నుకోవాలి, లెక్కలకు తనిఖీ ఉండాలి. ఓటు మగవారికే, అదీ అందరికీ కాదు. అయినా దారి పడింది.

ఆ దారిలో ఒక మేయరు ఎంత చేయగలడో చూపించినవాడు బర్మింగ్‌హాములో జోసెఫ్ చేంబర్లిన్. ఆయన స్క్రూల తయారీ వ్యాపారంలో డబ్బు సంపాదించి, 1873 నుంచి 1876 వరకు మేయరుగా పనిచేశాడు. ప్రైవేటు కంపెనీల చేతిలో ఉన్న గ్యాసును ఊరి తరఫున కొన్నాడు. దాని మీద లాభం ఊరికే వచ్చింది. తరువాత నీటి సరఫరాను కూడా కొన్నాడు. గ్యాసు మీద లాభం తీసుకోవచ్చు గాని నీటి మీద లాభం చూసుకోకూడదు, అది ఆరోగ్యానికి సంబంధించిన విషయం అని ఆయన వాదం. మురికివాడలు పడగొట్టి విశాలమైన కార్పొరేషన్ స్ట్రీట్ వేయించాడు. అయితే ఇళ్ళు పోయిన పేదలకు తగినన్ని ఇళ్ళు కట్టలేదన్న మాట కూడా ఆయనకు దక్కింది. అది న్యాయమైన విమర్శే.

ఇప్పుడు మళ్ళీ చెన్నపట్నానికి వద్దాం. 1919 నాటి కొత్త మునిసిపల్ చట్టం వచ్చే రోజుల్లో కార్పొరేషనుకు పెద్దను మేయరు అనేవారు కాదు, ప్రెసిడెంటు అనేవారు. ప్రభుత్వోద్యోగి కాకుండా ఆ పీఠం ఎక్కిన మొదటి వ్యక్తి సర్ పిట్టి త్యాగరాయ శెట్టి. ఆయన తెలుగు మాట్లాడే దేవాంగుల కుటుంబంలో 1852లో పుట్టారు, వస్త్ర వ్యాపారం చేశారు. జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరు. 1920 ఎన్నికల్లో ఆ పార్టీ గెలిచినప్పుడు మద్రాసు రాష్ట్రానికి ప్రధాన మంత్రి పదవి ఆయనను వెతుక్కుంటూ వచ్చింది. వద్దన్నారు. కార్పొరేషనులోనే ఉండిపోయారు.

అక్కడ ఏం చేశారో చూడండి. థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషను బడిలో పేద పిల్లలు ఆకలితో చదువు మానేస్తున్నారని, వారికి మధ్యాహ్నం తినడానికి ఏదైనా పెట్టాలని కౌన్సిలు ముందు పెట్టారు. 1920 సెప్టెంబరులో కౌన్సిలు ఒప్పుకుంది. పిల్లవాడికి రోజుకు ఒక అణా మించకూడదని షరతు. తరువాత మరికొన్ని బడులకు కూడా ఈ ఏర్పాటు పాకింది. తినడానికి దొరికేసరికి పిల్లల సంఖ్య పెరిగింది. కాని ప్రాథమిక విద్యా నిధి నుంచి ఈ ఖర్చుకు ప్రభుత్వం అనుమతించకపోవడంతో 1925లో అది ఆగిపోయింది. అదే ఏడు త్యాగరాయ శెట్టిగారు కన్నుమూశారు. ఆయన పేరే నేటి త్యాగరాయనగరు. ఇవాళ దేశమంతటా బడిపిల్లలు తింటున్న మధ్యాహ్న భోజనానికి పూర్వగాథలో ఈ ఒక్క అణా అన్నం ఉంది.

1687 నాటి పత్రంలో ఉన్న బడి మాటనూ, 1920 నాటి ఈ బడినీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది పన్ను రాబట్టడానికి చూపిన కారణాల్లో ఒకటి. రెండవది ఎన్నికైన కౌన్సిలు, ఊరి పిల్లల కడుపు చూసి పెట్టిన ఖర్చు. పీఠం అదే, ఊరు అదే. మారిందల్లా సభలో ఎవరున్నారు, వారు ఎవరికి జవాబుదారీ అన్న సంగతే. 1933లో మద్రాసుకు మేయరు అన్న పేరు తిరిగి వచ్చింది. రాజా సర్ ముత్తయ్య చెట్టియారు ఆ తరంలో మొదటి మేయరు. 1962లో వనపర్తి రాణి కుముదినీదేవి హైదరాబాదుకు తొలి మహిళా మేయరు అయ్యారు. కుష్ఠురోగుల కోసం కూకట్‌పల్లిలో శివానంద ఆశ్రమాన్ని పెంచిన చేతులు ఆమెవి.

ఈ దేశంలోనూ పీఠం ఎక్కేవారు మారుతూ వచ్చారు. 1908లో ఆల్డ్‌బరోలో డాక్టర్ ఎలిజబెత్ గారెట్ ఆండర్సన్ ఇంగ్లాండులో తొలి మహిళా మేయరు అయ్యారు. 1913లో లండనులోని బాటర్సీకి జాన్ ఆర్చర్ మేయరుగా ఎన్నికయ్యాడు. తండ్రి బార్బడోస్‌వాడు, తల్లి ఐర్లండు స్త్రీ. ఆయనకు పడిన ఓట్లు 40, ఎదుటివారికి 39. లండనులో ఒక నల్లజాతి మేయరు రావడానికి సరిపోయింది ఆ ఒక్క ఓటే. తరువాత 1922లో బొంబాయి పార్సీ షాపూర్జీ సక్లత్‌వాలా బాటర్సీ నుంచి పార్లమెంటుకు గెలిచినప్పుడు ఆయన వెనుక పనిచేసినవాడు కూడా ఈ ఆర్చరే.

ఇక మన మేయరుగారి సంగతి. ఇక్కడ ఇప్పుడు రెండు రకాల మేయర్లున్నారు. 2000 సంవత్సరం నుంచి లండను మహానగరానికీ, ఆ తరువాత మరికొన్ని చోట్లకూ ప్రజలు నేరుగా మేయరును ఎన్నుకుంటున్నారు. వీరికి బడ్జెటు, కార్యనిర్వహణ అధికారం ఉన్నాయి. మన సభలకు సాధారణంగా వచ్చేది రెండవ రకం. కౌన్సిలర్లు తమలో ఒకరిని ఏడాదికి ఎన్నుకుంటారు. ఆ ఏడాది ఆ వ్యక్తి పార్టీని పక్కన పెట్టి కౌన్సిలు సమావేశాలు నడపాలి, ఓట్లు సమానమైతే నిర్ణాయక ఓటు వేయాలి, ఒక ధర్మకార్యానికి నిధి పోగుచేయాలి, ఊరి తరఫున అన్ని వర్గాల గడపా తొక్కాలి. చెత్త ఎప్పుడు తీయాలో, మన శనివారం తెలుగుబడికి హాలు అద్దె ఎంతో ఆజ్ఞాపించే అధికారం ఆ గొలుసుకు లేదు. అవి కౌన్సిలు నాయకుడు, కౌన్సిలర్లు, అధికారులు తేల్చే విషయాలు. కాని ఎవరి దగ్గరకు వెళ్ళాలో మేయరుకు తెలుసు, ఆయన పరిచయం చేస్తే తలుపు తెరుచుకుంటుంది.

కనుక అతిథిని సత్కరించి పంపేయడంతో మన పని అయిపోదు. మనం ఇక్కడ కౌన్సిల్ టాక్సు కడుతున్నాం. అంటే పాత బేరంలో మన భాగం నెలనెలా చెల్లిస్తున్నాం. రెండవ భాగం అడిగి తీసుకోవలసింది మనమే. భారతదేశపు పాస్‌పోర్టు మీదనే ఉన్నా, చట్టప్రకారం ఇక్కడ నివసిస్తున్న 18 ఏళ్ళు నిండినవారికి కామన్వెల్తు పౌరులుగా ఓటు ఉంది. శాశ్వత నివాసానుమతి ఉన్నవారు కౌన్సిలుకు పోటీ కూడా చేయవచ్చు. ఈ సంగతి తెలియక ఏళ్ళ తరబడి ఓటర్ల జాబితాలో పేరు చేర్చుకోని కుటుంబాలు మనలో లేకపోలేదు.

చిన్న వెంకటాద్రి, ముద్దు వీరన్నలకు సభలో చోటు ఉండేది, వెనుక ఓటున్న ఊరు లేదు. మనకు ఓటు ఉంది, సభలో చోటు ఇంకా తక్కువే. ఈ ఉగాదికి ప్రతి ఇంటిలోనూ పెద్దలందరి పేర్లు ఓటర్ల జాబితాలో ఉన్నాయో లేదో చూసుకోండి. మీ వార్డు కౌన్సిలరు పేరేమిటో పిల్లలకు చెప్పండి. ఇవాళ తెలుగుబడిలో అక్షరాలు దిద్దుతున్న పిల్లల్లో ఎవరో ఒకరు రేపు ఆ గొలుసు వేసుకుని మన సభకు రావాలంటే, మొదలుపెట్టవలసింది అక్కడే.