అక్షరాలు మనవే, రూపాయి మనది కాదన్నారు

ప్రత్యేక సంచికకు పాత సంగతి ఏదైనా రాసిపెట్టమని కార్యదర్శిగారు అడిగారు. నేను పండితుణ్ణి కాను. ముప్పై అయిదేళ్లు ప్రభుత్వ కార్యాలయాల్లో లెక్కలు రాసినవాణ్ణి. కనుక డబ్బు సంగతే మనవి చేసుకుంటాను.

కొన్నేళ్ల క్రితం కార్తీకమాసంలో మా అన్నవరం కొండ దిగువన ఒక కొట్టు దగ్గర తెలంగాణ నుంచి వచ్చిన ముసలమ్మ ఒకామె నిలబడి ఉంది. కొబ్బరికాయ, అరటిపళ్లు తీసుకుని పది రూపాయల బిళ్లలు ఇచ్చింది. "ఇవి ఇక్కడ చెల్లవమ్మా, నోటు ఇవ్వు" అన్నాడు కొట్టతను. ఆ బిళ్లలు పద్నాలుగు నమూనాల్లో వచ్చాయనీ, అన్నీ చెల్లుతాయనీ రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటన కూడా ఇచ్చింది. ఆ మాటే చెప్పాను. "మీరు చెప్పింది నిజమేనండి. కానీ రేపు తుని నుంచి సరుకు తెచ్చేవాడు తీసుకోడు కదా" అన్నాడు. నేను నోటిచ్చి ఆ బిళ్లలు తీసుకున్నాను. ఇంటికి వస్తూంటే మా మేనత్త గుర్తుకొచ్చింది.

మా మేనత్తను నైజాం ఇలాకాలో మధిర వైపు ఒక రైతు కుటుంబానికి ఇచ్చారు. నేను పుట్టకముందు, 1946 ప్రాంతంలో, ఆమె సత్యదేవుని వ్రతం మొక్కు తీర్చుకోవడానికి అన్నవరం వచ్చింది. మిరపకాయలు అమ్మగా మిగిలిన ముప్పై అయిదు రూపాయలు కొంగున కట్టుకుని రైలెక్కింది. బెజవాడలో సరాపు దగ్గర మార్చుకోవాలని అనుకున్నారు గాని, బండి అర్ధరాత్రికి చేరింది. కొట్లన్నీ కట్టేసి ఉన్నాయి. అలా హాలీ నోట్లతోనే మా ఊరు వచ్చింది.

ఈ హాలీ సంగతి పిల్లలకు తెలియదు కనుక కాస్త చెబుతాను. నిజాం రాజ్యానికి సొంత నాణెం ఉండేది. దాన్ని ఉస్మానియా సిక్కా అనీ, జనం భాషలో హాలీ అనీ అనేవారు. మన మద్రాసు రాష్ట్రంలో నడిచే ఇంగ్లీషువారి రూపాయి కల్దారు. మొదటి ప్రపంచయుద్ధంలో వెండికి కరువు రాగా, 1918లో చట్టం చేసి నిజాం ప్రభుత్వం కాగితపు నోట్లు కూడా వేసింది. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. అంటే నూరు కల్దార్లకు నూట పదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైల హాలీ. మనం శుభకార్యాల్లో నూటపదహార్లు చదివించే ఆచారం అక్కణ్ణుంచే వచ్చిందని పెద్దలు చెప్పుకునే మాట ఒకటి ఉంది.

మేనత్త కొండ దిగువన పూజాసామాను బేరమాడి నోటు తీసింది. దానిమీద ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ లిపులు ఉండేవి. కొట్టతను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మన డబ్బు కాదమ్మా" అన్నాడు. "తెలుగులో రాసి ఉంది కదా నాయనా" అందట ఆమె. "అక్షరాలు మనవే, రూపాయి మనది కాదు" అని తిరిగి ఇచ్చేశాడు. మరో రెండు కొట్లలోనూ అదే జవాబు. చివరికి ఒకాయన ఏడుకు అయిదు చొప్పున అయితే మారుస్తానన్నాడు. ముప్పై రావలసిన చోట ఇరవై అయిదు వచ్చాయి. అయిదు రూపాయలు వట్టం కింద పోయాయి. మా నాన్నగారు సర్దుతానంటే ఆమె ఒప్పుకోలేదు. మొక్కు సొమ్ము పుట్టింటిది కాకూడదని ఆమె పట్టు.

తరవాత మా నాన్నగారి వంతు వచ్చింది. 1947 నవంబరు 29న భారత ప్రభుత్వానికీ నిజాముకూ యథాతథ ఒప్పందం జరిగింది. ఆ సిరా ఆరకముందే, రాజ్యంలో భారత రూపాయి చెల్లదని నిజాం ప్రభుత్వం ఆర్డినెన్సు చేసింది. మర్నాటి ఏడాది మాఘమాసంలో చెల్లెలికి జబ్బుగా ఉందని కబురొస్తే నాన్నగారు కల్దారు నోట్లు తీసుకుని మధిర వైపు వెళ్లారు. అక్కడి షావుకారు ఆ నోట్లు చూసి చేతులు వెనక్కి లాక్కున్నాడట. అతనికి ఆ డబ్బు మీద అనుమానం లేదు. పట్టుబడతానని భయం. మందుకు డబ్బు ఉండి కూడా నాన్నగారు అప్పు చేయవలసి వచ్చింది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. హైదరాబాదు భారతదేశంలో కలిసింది. అయినా హాలీ ఒక్క రోజులో పోలేదు. కొన్నాళ్లు రెండు రూపాయలూ పక్కపక్కనే నడిచాయి. ఆ దశలో ఖజానాలు, హైదరాబాదు స్టేట్ బ్యాంకు అదే ఏడుకు ఆరు లెక్కన హాలీ తీసుకుని కొత్త డబ్బు ఇచ్చాయి. దశలవారీగా ఉపసంహరించి 1950ల చివరికి పూర్తిగా రద్దు చేశారు. కౌంటరులో తీసుకుంటున్నారన్న ధైర్యం ఉన్నంతకాలం కొట్టతనికి బెంగ లేదు.

నేను హైదరాబాదులో ఒక కార్యాలయంలో పింఛను విభాగంలో పనిచేసేటప్పుడు పాత సర్వీసు రిజిస్టర్లు చేతికొచ్చేవి. జీతం అంకె పక్కన ఓ.యస్. అనో, ఐ.జి. అనో ఉండేది. మొదటిది ఉస్మానియా సిక్కా, రెండవది భారత ప్రభుత్వ నాణెం. డెబ్బై ఓ.యస్. అరవై ఐ.జి. అయ్యేది. ఒక పెద్దాయన ప్రతినెలా వచ్చి, "బాబూ, నా పది రూపాయలు ఏమయ్యాయి?" అని అడిగేవాడు. లెక్క సరైనదే. కానీ అతని మనసుకు మాత్రం పది రూపాయలు కోసినట్టే ఉండేది.

ఇది నైజాం ఒక్కదాని కథ అనుకోకండి. 1861 చట్టంతో ఇంగ్లీషు ప్రభుత్వం నోట్లు వేసినప్పుడు దేశాన్ని సర్కిళ్లుగా విడగొట్టింది. ఒక సర్కిలు నోటు ఆ సర్కిలులోనే చట్టప్రకారం చెల్లుబాటు. కలకత్తా నోటు మన మద్రాసు రాజధానిలో తీసుకుని తీరాలన్న నియమం లేదు. 1903లో అయిదు రూపాయల నోటుకు బర్మా తప్ప దేశమంతటా చెల్లుబాటు ఇచ్చారు. పది, యాభై, వంద నోట్లకు 1910, 1911 సంవత్సరాల్లో ఆ యోగం పట్టింది. ఆ రోజుల్లో దూరానికి డబ్బు పంపాలంటే నోటును రెండు ముక్కలు చేసి, ఒకటి ముందు తపాలాలో పంపి, అందిందని ఉత్తరం వచ్చాక రెండోది పంపేవారు. నమ్మకం అంత పలచగా ఉండేది!

మా మనవడు ఇంగ్లండులో చదువుకుంటున్నప్పుడు ఎడింబరో చూసి వచ్చాడు. అక్కడ చిల్లరతో వచ్చిన స్కాట్లండు బ్యాంకు నోటును లండనులో ఒక కొట్టువాడు తీసుకోనన్నాడట. స్కాట్లండులో మూడు బ్యాంకులు నేటికీ సొంత నోట్లు వేస్తాయి. విలువ అదే పౌను. చిత్రమేమంటే, చట్టం నిర్బంధించే చెల్లుబాటు వాటికి స్కాట్లండులో కూడా లేదు. అయినా అక్కడ అందరూ తీసుకుంటారు కనుక నడుస్తాయి. లండనులో ఆ నోటును రోజూ చూడడు కనుక కొట్టువాడు జంకుతాడు.

ఇన్నేళ్లకు నాకు తేలింది ఒకటే. కొట్టువాడు నోటు మీద ఏమి రాసి ఉందో చూడడు. రేపు తన దగ్గర ఎవరు తీసుకుంటారో చూస్తాడు. ఆ గొలుసు చివరన ఒక ప్రభుత్వ కౌంటరు ఉంటుంది. అక్కడ కూర్చున్నవాడు మొహం చిట్లించకుండా తీసుకుంటే ఊరంతా తీసుకుంటుంది. వాడు కాదంటే ఆ నష్టం చివరికి మా మేనత్తలాంటి వారి కొంగులోంచి పోతుంది.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో శిస్తు కట్టడానికి వచ్చిన ఒక ముసలి రైతు అతుకు వేసిన నోటు ఇస్తే, "చెల్లదు, వేరేది తే" అన్నాను. బ్యాంకులో మార్చి ఇస్తారని చెప్పనైనా లేదు. అతను ఏమీ అనకుండా మడిచి రొండిన దోపుకుని, వచ్చిన దారినే నడుచుకుంటూ పోయాడు. మేనత్త కథ తెలిసి కూడా నేను ఆ మాట అన్నాను.

మనం కౌంటర్ల వెనక నుంచి ఎప్పుడో లేచి వచ్చేశాం. ఇప్పుడు మన పిల్లలు, మనవలు కూర్చుంటున్నారు. వారికి ఈ సంగతి ఒకసారి చెప్పండి. ఆ రోజు ముసలమ్మ దగ్గర తీసుకున్న బిళ్లలు మర్నాడు బ్యాంకులో ఇచ్చాను. అక్కడి అమ్మాయి మారు మాట్లాడకుండా లెక్కపెట్టి తీసుకుంది. తిరిగి వస్తూ ఆ కొట్టతనికి ఆ మాట చెప్పాను. "అలాగైతే తీసుకుంటానండి" అన్నాడు.