ఒకే గాజు పలకపై ముగ్గురు శత్రువులు

2001 అక్టోబరులో అమెరికన్లు తపాలా కవరు తెరవాలంటేనే భయపడ్డారు. ఉత్తరాల్లో వచ్చిన ఆంథ్రాక్స్ పొడి ఐదుగురిని పొట్టనబెట్టుకుంది, మరో 17 మందిని జబ్బుపాలు చేసింది. ఊపిరి ద్వారా సోకే ఆంథ్రాక్స్ వ్యాధి మొదట్లో ఫ్లూలాగే కనిపిస్తుంది. బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూసేదాకా ఆగితే విలువైన కాలం గడిచిపోతుంది. పైగా పొడిలో ఉన్నది ఆంథ్రాక్సా, మరో సూక్ష్మజీవా, రిసిన్ లాంటి విషమా? ఒక్కో అనుమానానికి ఒక్కో పరీక్ష చేసే వ్యవధి ఎక్కడిది?

ఈ చిక్కుకు దారి అప్పటికే వాషింగ్టన్‌లోని అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పడింది. అక్కడ ఫ్రాన్సెస్ లిగ్లర్ బృందం బ్యాక్టీరియా, వైరస్, విషప్రోటీన్ మూడింటినీ ఒకే పలకపై ఒకేసారి పసిగట్టి, 1999లో ఆ ఫలితాలు ప్రచురించింది. ఆంథ్రాక్స్‌కు బదులు హాని చేయని బ్యాక్టీరియాను, మనుషుల జోలికి రాని వైరస్‌ను వాడి పరీక్షించారు.

పలక తయారీలో మగ్గం పనితనం కనిపిస్తుంది. పడుగులా నిలువు చారల్లో రకరకాల యాంటీబాడీలను, అంటే ఒక్కోటి ఒక్కో శత్రువును పట్టుకునే ప్రోటీన్లను, అంటిస్తారు. పేకలా అడ్డంగా నమూనాలను పారిస్తారు. ఏ చార దగ్గర దాని శత్రువు తగిలితే అక్కడే అతుక్కుంటుంది. తర్వాత మెరిసే రంగు అద్దిన యాంటీబాడీలను పంపి, గాజులోకి లేజర్ కాంతి ప్రసరింపజేస్తారు. శత్రువు చిక్కిన చోటు మెరుస్తుంది, కెమెరా దాన్ని పట్టుకుంటుంది. ఏ చుక్క వెలిగిందో చూస్తే శత్రువెవరో తెలిసిపోతుంది.

యాంటీబాడీలతో పసిగట్టే ఈ విద్యకు పునాది పడింది మధుమేహ పరిశోధనలో. న్యూయార్క్‌లో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ రక్తంలోని ఇన్సులిన్‌ను కొలవడానికి యాంటీబాడీలను వాడారు. బెర్సన్ 1972లో కన్నుమూయగా, యాలోకు 1977లో నోబెల్ దక్కింది. 1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. దానికి పేటెంటు లేకపోవడంతో ప్రపంచమంతా వాడుకుంది.

లిగ్లర్ బృందం పలకకూ పరిమితులున్నాయి. పలకపై యాంటీబాడీ లేని సూక్ష్మజీవిని ఇది గుర్తించలేదు. చిక్కిన క్రిమి బతికుందో చచ్చిందో చెప్పలేదు. అందుకే చుక్క వెలిగాక మరో పరీక్షతో నిర్ధారించుకోవాలి.

అయినా దీని మేలు చిన్నది కాదు. యుద్ధభయంతో పుట్టిన ఈ పరికరాన్ని తర్వాత మాంసం వంటి ఆహార పదార్థాల్లోని క్రిములు, విషాలు పట్టడానికీ ప్రయోగించారు. వేగంగా గుర్తించడం ప్రాణాలకూ ముఖ్యం: ఆంథ్రాక్స్ సోకినవారికి యాంటీబయాటిక్స్ ఎంత త్వరగా మొదలుపెడితే బతికే అవకాశం అంత పెరుగుతుంది. ఇలాంటి పరిశోధనకు నిధులు ముప్పు వచ్చాక కాదు, రాకముందే ఇవ్వాలి.