పరారీ సైనికుడు – చరిత్ర: ‘ఫ్రీ స్టేట్ ఆఫ్ జోన్స్’ చిత్రం ఒక పరిశీలన

పరిచయం

అమెరికా అంతర్యుద్ధాన్ని (1861-65) ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య పోరుగా గత భాగాలలో చదువుకున్నారు. అయితే దక్షిణాది శ్వేతజాతీయులందరూ బానిసవ్యవస్థ కోసం ఒకే మాటమీద నిలిచారా? గ్యారీ రాస్ దర్శకత్వంలో 2016లో విడుదలైన ‘ఫ్రీ స్టేట్ ఆఫ్ జోన్స్’ చిత్రం ఈ ప్రశ్నను లేవనెత్తుతుంది. మిసిసిపీ రాష్ట్రం, జోన్స్ కౌంటీకి చెందిన న్యూటన్ నైట్ అనే రైతు కాన్ఫెడరేట్ సైన్యం నుంచి పారిపోయి, ఆ ప్రభుత్వం మీదే ఆయుధం పట్టిన ఉదంతం దీని ఇతివృత్తం.

సైన్యాన్ని వీడటానికి కారణాలు

1862 ఏప్రిల్‌లో కాన్ఫెడరేట్ ప్రభుత్వం 18 నుంచి 35 ఏళ్ల శ్వేతజాతి పురుషులకు సైనికసేవను నిర్బంధం చేసింది. అదే ఏడాది అక్టోబరులో, 20 లేదా అంతకు మించి బానిసలున్న ప్లాంటేషన్‌కు ఒక పురుషుడి చొప్పున మినహాయింపు ఇచ్చింది. 1863లో పంటలో పదోవంతును పన్నుగా వసూలు చేయసాగింది. జోన్స్ కౌంటీలో పెద్ద ప్లాంటేషన్లు తక్కువ. సొంత రెక్కల కష్టంతో బతికే చిన్న రైతులే ఎక్కువ. మగవారు యుద్ధంలో ఉండగా ఇంటి దగ్గర ధాన్యం, పశువులు సైన్యం పాలయ్యాయి. ఇది ధనికుల కోసం పేదలు చేస్తున్న యుద్ధమన్న భావన ఇలా బలపడింది.

తిరుగుబాటు

1862 అక్టోబరులో కొరింత్ యుద్ధం జరిగిన కొద్దికాలానికే నైట్ సైన్యాన్ని వీడాడు. 1863 జూలైలో విక్స్‌బర్గ్ పతనంతో పరారైనవారు పెరిగారు. ఆ అక్టోబరులో వారు నైట్ నాయకత్వంలో ఒక దళంగా ఏర్పడ్డారు. లీఫ్ నది పరిసరాల చిత్తడి నేలల్లో దాగిన ఈ దళానికి స్త్రీలు, బానిసలు తిండి, సమాచారం అందించారు. నైట్ తాత కుటుంబంలో బానిసగా ఉన్న రాచెల్ వారిలో ముఖ్యురాలు. 1864లో కర్నల్ రాబర్ట్ లౌరీ వేటకుక్కలతో గాలించి, పట్టుబడిన కొందరిని ఉరితీయించాడు. తరవాతి కాలంలో లౌరీ ఆ రాష్ట్రానికే గవర్నరయ్యాడు.

చిత్రంలో వాస్తవం, కల్పన

బంధువైన బాలుడి శవంతో నైట్ ఇల్లు చేరే ఘట్టం, మోజెస్ అనే పాత్ర కల్పితాలు. అయినా యుద్ధానంతరం ఓటుహక్కు కోసం నల్లజాతివారు చవిచూసిన హింసను మోజెస్ పాత్ర ప్రతిబింబిస్తుంది. చిత్రం మధ్యమధ్య వచ్చే న్యాయవిచారణ మాత్రం నిజం. రాచెల్ మునిమనవడు డేవిస్ నైట్ శ్వేతజాతి స్త్రీని పెళ్లాడినందుకు 1948లో మిసిసిపీ కోర్టు అతనికి అయిదేళ్ల శిక్ష విధించింది. మరుసటి ఏడాది రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. అంటే యుద్ధం ముగిసిన 80 ఏళ్ల తరవాత కూడా ఆ వంశాన్ని జాతివివక్ష చట్టం వెంటాడింది.

ముగింపు

సైనిక చట్టం దృష్టిలో పరారీ ఒక నేరం. చరిత్ర విద్యార్థి అక్కడితో ఆగకుండా, ఆ సైనికుడు ఎవరి కోసం పోరాడవలసి వచ్చిందో, వెనక అతని ఇల్లు ఏ స్థితిలో ఉందో అడగాలి. నైట్‌ను కొందరు ద్రోహి అనడానికీ, మరికొందరు వీరుడు అనడానికీ కారణం వారు యుద్ధాన్ని ఏ పక్షం నుంచి గుర్తుంచుకున్నారన్నదే. చలనచిత్రం ఇలాంటి ప్రశ్నలను రేపగలదు. జవాబును మాత్రం చట్టాలు, పన్నులు, కోర్టు రికార్డులలో వెతకాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. జోన్స్ కౌంటీ రైతులు సైన్యాన్ని వీడటానికి దారితీసిన ఆర్థిక కారణాలను వివరించండి.
2. చారిత్రక చిత్రంలోని కల్పిత పాత్ర చరిత్ర అధ్యయనానికి ఏ మేరకు ఉపయోగపడుతుంది?