సంకెళ్లు తెగాయి... కాంట్రాక్టు కాగితం మిగిలింది

అమెరికా అనగానే మనలో చాలామందికి డాలర్లు, ఎత్తైన మేడలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే గుర్తొస్తాయి. ఆ దేశంలో సుమారు 160 ఏళ్ల క్రితం వరకు మనుషులను పశువుల్లా వేలం వేసేవారని, ఆ పద్ధతి పోవడానికి దేశం రెండుగా చీలి నాలుగేళ్లు యుద్ధం చేసిందని తెలిసినవాళ్లు తక్కువ. ఈ వారం ఆ కథ చెప్పుకుందాం. కూలి కోసం సముద్రం దాటి వచ్చినవాళ్లం కాబట్టి ఇందులో కొన్ని సంగతులు మనకు తొందరగానే అర్థమవుతాయి.

1860 జనాభా లెక్కల్లో అమెరికా జనం 3 కోట్ల 14 లక్షలు. అందులో సుమారు 40 లక్షల మంది బానిసలు. ఆఫ్రికా నుంచి ఓడల్లో పట్టుకొచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు, మనవలు. ఎక్కువమంది దక్షిణ రాష్ట్రాల పత్తి చేలల్లో పనిచేసేవారు. జీతం లేదు, దొర అనుమతి లేనిదే గడప దాటడానికి లేదు. భర్తను ఒక దొరకు, భార్యను ఇంకో దొరకు అమ్మేసినా అడిగే దిక్కు లేదు. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో ఆ దేశపు సుప్రీంకోర్టే నల్లవాళ్లు అమెరికా పౌరులు కాలేరని తీర్పు చెప్పింది.

1860 నవంబరులో అబ్రహాం లింకన్ ప్రెసిడెంటుగా గెలిచాడు. బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకకూడదన్నాడే కానీ, ఉన్నచోట రద్దు చేస్తానని అనలేదు. ఆ మాత్రానికే దక్షిణాది దొరలు కస్సుమన్నారు. ఒక్కొక్కటిగా 7 రాష్ట్రాలు విడిపోయి వేరే దేశమని ప్రకటించుకున్నాయి. 1861 ఏప్రిల్ 12న ఫోర్ట్ సమ్టర్ కోట మీద ఫిరంగులు పేల్చి యుద్ధం మొదలుపెట్టాయి. అది బానిసత్వం కోసం జరిగిన యుద్ధం కాదు, రాష్ట్రాల హక్కుల కోసం అని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నల్లవాడు తెల్లవాడితో సమానం కాడన్నదే తమ కొత్త ప్రభుత్వానికి పునాదిరాయి అని దాని ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చిలో సభలో చెప్పాడు. ఇంతకన్నా వేరే సాక్ష్యం ఎందుకు?

అలాగని ఉత్తరాది సైన్యం బానిసలను విడిపించడానికే బయలుదేరిందనుకుంటే పొరపాటు. మొదట్లో వాళ్లకు దేశం ముక్కలు కాకుండా ఉంటే చాలు. దారి మళ్లించింది బానిసలే. 1861 మే నెలలో వర్జీనియాలో ముగ్గురు బానిసలు రాత్రిపూట చిన్న పడవలో నీళ్లు దాటి, ఉత్తరాది చేతిలో ఉన్న ఫోర్ట్ మన్రో కోటకు చేరారు. వాళ్ల దొర తరఫు మనిషి వచ్చి, పారిపోయిన బానిసలను తిరిగి అప్పగించాలని చట్టం ఉంది కదా, ఇచ్చేయండి అన్నాడు. కోట అధికారి బట్లర్ వృత్తికి వకీలు. మీరు మా దేశమే కాదంటున్నారు, మరి మా చట్టం మీకెలా వర్తిస్తుందని ఎదురడిగాడు. శత్రువు యుద్ధానికి వాడుకుంటున్న ఆస్తి అని పేరుపెట్టి ముగ్గురినీ ఉంచుకున్నాడు. మనుషులను ‘ఆస్తి’ అంటేనే కానీ కాపాడలేని కాలం అది. కబురు పాకింది. ముందు పదుల్లో, తర్వాత వేలల్లో పిల్లాపాపలతో సైన్యం దగ్గరికి నడిచొచ్చారు. 1619లో వర్జీనియాకు తెచ్చిన మొదటి ఆఫ్రికా బానిసలను ఓడ నుంచి దించింది కూడా ఆ కోట ఉన్న ఒడ్డునే.

ఇలా వచ్చేవాళ్లను ఏం చేయాలన్న ప్రశ్న లింకన్ ముందు నిలిచింది. 1863 జనవరి 1న, తిరగబడిన ప్రాంతాల్లోని బానిసలందరూ స్వతంత్రులని ఆయన ప్రకటించాడు. నల్లవాళ్లను సైన్యంలోకీ తీసుకున్నారు. సుమారు 1,80,000 మంది చేరారు.

ఇక్కడ జీతాల గొడవ ఒకటి ఉంది. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు. నల్ల సిపాయికి 10 అని చెప్పి, అందులో బట్టల ఖర్చని 3 కోసి, చేతిలో 7 పెట్టారు. తూటా మాత్రం ఇద్దరికీ ఒకటే. మసాచుసెట్స్ 54వ రెజిమెంటు వాళ్లు ఆ ఏడు డాలర్లు ముట్టుకునేది లేదన్నారు. తేడా సొమ్ము తాము కలిపిస్తామని సొంత రాష్ట్రం ముందుకొచ్చినా ఒప్పుకోలేదు. ఇంటి దగ్గర పెళ్లాం పిల్లలు పస్తులుంటున్నా ఏడాది దాటి జీతం లేకుండానే పోరాడారు. 1863 జూలైలో ఫోర్ట్ వాగ్నర్ మీదికి వెళ్లిన సుమారు 600 మందిలో 270 మందికి పైగా చనిపోవడమో, గాయపడడమో, పట్టుబడడమో జరిగింది. ఇంకో రెజిమెంటులో విలియం వాకర్ అనే సార్జెంటు, ఈ జీతానికి పనిచేయమంటూ తన మనుషుల చేత అధికారి డేరా ముందు తుపాకులు కింద పెట్టించాడు. అతన్ని తిరుగుబాటుదారు అన్నారు. 1864 ఫిబ్రవరి 29న కాల్చి చంపారు. అదే సంవత్సరం జూన్‌లో సమాన జీతం చట్టం వచ్చింది.

అన్నట్టు, ఈ యుద్ధం మన తీరాన్నీ తాకింది. అమెరికా పత్తి ఆగిపోయేసరికి ఇంగ్లండ్ మిల్లులు మన దేశం వైపు చూశాయి. గుంటూరు వైపు పత్తి కాకినాడ రేవుకు చేరి ఓడలెక్కింది, ఆ రేవు వ్యాపారం పెరిగింది.

1865 ఏప్రిల్‌లో దక్షిణాది సైన్యం లొంగిపోయింది. అప్పటికి రెండు వైపులా కలిపి ఆరు లక్షలకు పైగా సిపాయిలు పోయారు. కొద్ది రోజులకే లింకన్‌ను కాల్చి చంపారు. జూన్ 19న టెక్సాస్‌లో బానిసలకు విముక్తి ఉత్తర్వు చదివి వినిపించారు. 2021 నుంచి అమెరికాలో ఆ రోజు జాతీయ సెలవు. ఉన్నచోటనే ఉండి కూలికి పనిచేసుకోండని కూడా ఆ ఉత్తర్వులో ఉంది. ఎవరి దగ్గర? నిన్నటి దొర దగ్గరే.

తీరప్రాంతంలో కుటుంబానికి 40 ఎకరాల వరకు ఇస్తామని జనరల్ షెర్మన్ ఉత్తర్వు ఇచ్చాడు. సుమారు 40,000 మంది దిగి సాగు మొదలుపెట్టారు. లింకన్ తర్వాత గద్దెనెక్కిన ఆండ్రూ జాన్సన్ ఆ ఏడాదే చాలా భూమిని పాత దొరలకు తిరిగి ఇప్పించాడు.

ఆ నవంబరులో మిసిసిపి రాష్ట్రం చేసిన చట్టం మన పాఠకులు నిదానంగా చదవాలి. పనిచేస్తున్నట్టు ప్రతి నల్లవాడి దగ్గరా రాతపూర్వకమైన రుజువు ఉండాలి. కాంట్రాక్టు ముగియకముందే పని వదిలితే ఆ ఏడాది చేసిన పనికి కూలి పోయినట్టే. పారిపోతే పోలీసే కాదు, ఏ పౌరుడైనా పట్టి యజమానికి అప్పగించవచ్చు. పట్టినవాడికి 5 డాలర్లు, పైన మైలుకు 10 సెంట్లు బహుమానం. అది యజమాని ఇచ్చి, పారిపోయినవాడి కూలిలోంచి కోసుకుంటాడు.

రాజ్యాంగంలో మూడు సవరణలు వచ్చిన మాట నిజం. 1865లో బానిసత్వం రద్దు, అదీ నేరానికి శిక్షగా చేయించే పనిని మినహాయించి. 1868లో పౌరసత్వం, చట్టం ముందు సమానత్వం. 1870లో మగవాళ్లకు ఓటు. కొన్నాళ్లు నల్లవాళ్లు ఓట్లేశారు, బడులు పెట్టుకున్నారు, పార్లమెంటుకూ వెళ్లారు. 1877లో కేంద్రం సైన్యాన్ని వెనక్కి తీసుకుంది. పాత దొరల రాజ్యం తిరిగొచ్చింది. భూమి లేనివాళ్లు పాలుకు సాగుచేసి, దొర దుకాణంలో ఉద్దెర తెచ్చుకుని, పంట చేతికొచ్చేసరికి అప్పు మిగుల్చుకునేవారు. లూసియానాలో 1896లో 1,30,000 మంది నల్ల ఓటర్లుంటే, ఓటు మీద పన్ను, చదువు పరీక్ష వంటివి పెట్టాక 1904 నాటికి 1,342 మంది మిగిలారు. అదే 1896లో రైలు పెట్టెలు వేరువేరుగా ఉన్నా తప్పులేదని సుప్రీంకోర్టు అంది.

అయితే 1868 నాటి ఆ సవరణ పుస్తకంలో చెరగకుండా ఉండిపోయింది. 1954లో నల్లపిల్లలకు వేరే బడులు చెల్లవని అదే కోర్టు చెప్పింది ఆ మాటల ఆధారంగానే. 1955 డిసెంబరు నుంచి మాంట్‌గోమరీలో 381 రోజులు నల్లవాళ్లు బస్సు ఎక్కకుండా పనులకు నడిచి వెళ్లారు. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం వచ్చాయి. యుద్ధం ముగిసి అప్పటికి నూరేళ్లు.

ఆ ఊపులోనే 1965 అక్టోబరులో వలస చట్టమూ మారింది. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ పౌరసత్వం అడిగితే, నువ్వు తెల్లవాడివి కావని సుప్రీంకోర్టు కాదంది. 1946లో పౌరసత్వానికి దారి తెరిచినా ఇండియాకు ఇచ్చిన కోటా ఏడాదికి 100 మంది. 1965 చట్టం దేశాన్ని బట్టి కోటా ఇచ్చే ఆ పాత పద్ధతిని తీసేసింది. మన తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో అమెరికా విమానం ఎక్కింది ఆ తర్వాతనే.