సాలూరు లైన్లో సగం ట్రామ్

పార్వతీపురం మన్యం జిల్లాలో ట్రామ్ ఎప్పుడూ నడవలేదు. దానికి వరసకి తమ్ముడయ్యే బండి మాత్రం ఒకటి ఏళ్ల తరబడి తిరిగింది. అదే బొబ్బిలి–సాలూరు రైలుబస్సు. ఒకే ఒక్క పెట్టె. దాన్ని లాగడానికి వేరే ఇంజను అక్కర్లేదు, డీజిల్ యంత్రం అందులోనే ఉంటుంది. నారాయణప్పవలస, రొంపల్లి వంటి చిన్న ఊళ్ల మీదుగా సుమారు 18 కిలోమీటర్లు పోయి సాలూరులో ఆగేది. అక్కడితో పట్టాలూ అయిపోతాయి.

బెంగాల్ నాగపూర్ రైల్వే 1908–09లో విజయనగరం నుంచి పార్వతీపురం దాకా లైను తెరిచింది. 1913లో సాలూరు కొమ్మ వేసింది. సాలూరు దాటితే ఘాట్ రోడ్డే. అప్పట్లో పొట్టంగి, కొరాపుట్, జయపురం వైపు పోయే సరుకు, జనం ఆ ఊరి మీదుగా కొండెక్కేవి. మెయిన్ లైను పార్వతీపురం నుంచి రాయగడ మీదుగా సాగి 1931 నాటికి రాయపూర్ చేరింది. సాలూరు కొమ్మ మాత్రం ఘాట్ మొదట్లోనే నిలిచిపోయింది. ఆ తర్వాత సరుకు రోడ్డెక్కింది. సాలూరు లారీల ఊరుగా పేరు తెచ్చుకుంది. పట్టాల మీద జనం పలచబడ్డాక పూర్తి రైలు నడపడం దండగనిపించి, రైల్వే ఈ ఒంటిపెట్టె బండిని దింపింది.

నా ఫిర్యాదల్లా బండి మారినా ఆలోచన మారలేదనే. ఒళ్లు ట్రామ్‌ది, టైంటేబుల్ ప్యాసింజరు రైలుది. రోజుకి కొన్ని ట్రిప్పులు. ఒకటి తప్పితే స్టేషన్లో కూర్చుని ఇంకోదాని కోసం ఎదురు చూసే ఓపిక ఎవరికుంటుంది? ఆటో ఎక్కేస్తారు. ఎక్కేవాళ్లు లేరని ట్రిప్పులు పెంచరు, ట్రిప్పులు లేవని జనం ఎక్కరు. 2020లో కోవిడ్ వచ్చి దేశమంతా ప్రయాణికుల రైళ్లు ఆగినప్పుడు ఇదీ ఆగింది. ఆగిందన్న మాట పెద్ద ఊళ్ల దాకా వెళ్లిందో లేదో.

ట్రామ్ గురించి మన తాతల తరానికి తెలియక కాదు. అప్పట్లో ఉత్తరాంధ్రకి రాజధాని మద్రాసే. చదువుకనో, హైకోర్టు వ్యాజ్యానికనో వెళ్లినవాళ్లు అక్కడ కరెంటు ట్రామ్ ఎక్కే ఉంటారు. 1895 మే 7న మద్రాసులో అది మొదలైంది. దేశంలో కరెంటు మీద నడిచిన మొదటి ట్రామ్ అదే. లండన్ వీధుల్లో కరెంటు ట్రాములు కుదురుగా తిరగడం మొదలుపెట్టింది 1901లో. చివరికి కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి 1953 ఏప్రిల్‌లో మద్రాసు ట్రాములు ఆగిపోయాయి. అదే ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. కొత్త రాష్ట్రానికి ట్రామ్ వాటాగా రావడానికి ఏమీ మిగల్లేదు.

బొంబాయి 1964లో మానుకుంది. కలకత్తా ఒక్కటే పట్టు విడవలేదు. అక్కడ కూడా ఒక చిన్న మార్గం తప్ప మిగతావి మూసేస్తామని 2024లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ట్రాఫిక్‌కి అడ్డమట. అంతకు ముందు ట్రామ్‌కంటూ విడిగా ఉన్న దారిని చాలా చోట్ల రోడ్డులో కలిపేసి, కార్లని దాని మీదికి తోలింది ఎవరు?

ట్రామ్ పక్షాన చెప్పాల్సిన గట్టి మాట చక్రం దగ్గరే ఉంది. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం దొర్లడానికి తారురోడ్డు మీద రబ్బరు టైరుకి పట్టే బలంలో చిన్న వంతు చాలు. అందుకే అదే మందిని మోయడానికి ఖర్చయ్యే శక్తి తక్కువ. బండి ముప్పై ఏళ్లు నడుస్తుంది, టైర్లు అరిగే బెడద లేదు. పట్టా ఉందంటే బండి రేపూ వస్తుందన్న ధీమా ఉంటుంది. ఆ ధీమాతోనే జనం దాని పక్కన ఇల్లు కట్టుకుంటారు, కొట్టు పెడతారు. ఇక నిటారు కొండెక్కడం ట్రామ్‌కి కష్టం. ఏ నునుపు శక్తిని ఆదా చేస్తుందో, నిటారు ఎత్తులో ఆ నునుపే చక్రాన్ని జార్చేస్తుంది. ఆ లెక్కన పట్టాలు సాలూరులో ఆగి, అక్కడి నుంచి బస్సు ఘాట్ ఎక్కడమే సబబు.

జర్మనీలో కార్ల్స్‌రూహె అనే నగరం 1992లో ఒక చిత్రమైన పని చేసింది. ఊళ్లో వీధుల్లో తిరిగే ట్రామ్‌నే మెయిన్ రైలు పట్టాల మీదికి ఎక్కించి బ్రెటెన్ అనే చిన్న పట్నం దాకా నడిపింది. అంతకు ముందు బ్రెటెన్ నుంచి వచ్చేవాళ్లు పెద్ద స్టేషన్లో రైలు దిగి, మళ్లీ ట్రామ్ పట్టుకుని బజారుకి వెళ్లేవాళ్లు. ఆ దిగి ఎక్కే బాధ పోవడం, బండి తరచుగా రావడం, దారిలో స్టాపులు పెరగడం మూడూ కలిసి ప్రయాణికులు కొన్ని రెట్లయ్యారు.

ఇక మన సంగతి చూస్తే, 2022 ఏప్రిల్ 4 నుంచి సాలూరుకి జిల్లా కేంద్రం పార్వతీపురం. పట్టాల దారి మాత్రం పక్క జిల్లాలోని బొబ్బిలి మీదుగానే ఉంది. సాలూరు, పార్వతీపురం రెండూ 2011 లెక్కల్లో యాభై వేల అటూ ఇటూ జనాభా ఉన్న పట్నాలు. వాటి మెయిన్ రోడ్ల మధ్య పట్టాలు పరవమంటే నేనే నవ్వుతాను. కానీ సాలూరు నుంచి బొబ్బిలి మీదుగా పార్వతీపురం టౌన్ స్టేషన్ దాకా, గంటకొకటి చొప్పున, మారే పనిలేని చిన్న బండి అడగడం అత్యాశ కాదు. దానికి కొత్త పట్టాలు అక్కర్లేదు. గేట్లు పడినప్పుడల్లా రోడ్డు ఆగుతుంది, మెయిన్ లైన్లో గూడ్సుల మధ్య ఖాళీ వెతకాలి, అవి నిజమైన చిక్కులే. అంతకన్నా పెద్ద చిక్కు టికెట్టు దగ్గర ఉంది. రైలు కేంద్రానిది, బస్సు ఆర్టీసీది. సాలూరులో దిగినవాడు అదే టికెట్టుతో ఘాట్ బస్సెక్కాలంటే ఆ ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. కార్ల్స్‌రూహెలో నగర ట్రామ్ సంస్థ, జర్మన్ రైల్వే అలా కూర్చున్నాకే బండి కదిలింది.